అయిదో నెల స్కానింగు - తెలుసుకునే హక్కు ఎవరిది?

మహిళా సంఘాల సమావేశాల్లో 'స్కానింగు' అనే మాట వినబడగానే చర్చ ఆడపిల్లల సంఖ్య మీదికి వెళ్తుంది. అలా వెళ్ళడం సహజం, అవసరం కూడా. 1970ల మధ్యలో ఉమ్మనీటి పరీక్షతో మన దేశంలో మొదలైన లింగనిర్ధారణ, తర్వాత అల్ట్రాసౌండ్ యంత్రాలతో చిన్న పట్టణాలకు కూడా పాకింది. ఇప్పుడు కొద్దిగా ఖర్చు పెట్టి రేపటి కట్నం ఖర్చు తప్పించుకోమని ఆస్పత్రులు బాహాటంగా ప్రకటనలిచ్చిన రోజులున్నాయి. స్త్రీల సంఘాలు పోరాడితేనే 1988లో మహారాష్ట్రలో, 1994లో దేశమంతటికీ చట్టం వచ్చింది. 1996 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినా అది కాగితం మీదే ఉండిపోతే, సెహత్, మాసుమ్ సంస్థలు, డాక్టర్ సాబు జార్జ్ కలిసి 2000లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2003లో చట్టాన్ని సవరించి గట్టి చేశారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఆరేళ్ళ లోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 1991లో 975 ఉంటే 2001 నాటికి 961కి పడిపోయింది. కాబట్టి ఈ పోరాటం అవసరమా అన్న ప్రశ్నే లేదు.

నేను మాట్లాడదలచుకున్నది స్కానింగులో రెండో సగం గురించి. అయిదో నెలలో ఇప్పుడు దాదాపు ప్రతి గర్భిణికీ రాసిస్తున్న టిఫా స్కాన్ గురించి. బిడ్డ ఆడా మగా అన్నది ఎవరికీ చెప్పకూడదని మనం చట్టం తెచ్చుకున్నాం. అయితే చెప్పాల్సిన మిగతా విషయాలన్నీ ఎవరికి చెబుతున్నారు, ఏ భాషలో చెబుతున్నారు, ఎప్పుడు చెబుతున్నారు? గ్రామాల్లో గర్భిణులతో కలిసి ఆస్పత్రులకు తిరుగుతున్న నాకు, వాటిని తెలుసుకునే హక్కు స్త్రీకి ఇంకా అందలేదనే అనిపిస్తోంది.

ముందు ఈ పరీక్ష ఏమిటో చూద్దాం. చెవికి వినబడని శబ్ద తరంగాలను కడుపులోకి పంపి, అవి తిరిగొచ్చే తీరును బట్టి తెర మీద బొమ్మ కట్టడమే అల్ట్రాసౌండ్. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం దీన్ని స్త్రీల వైద్యంలో వాడి చూపించింది. టిఫా అంటే బిడ్డలో అవయవ లోపాలున్నాయేమో పనిగట్టుకుని, ఒక వరుస ప్రకారం వెతకడం. చివరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్కపెట్టి 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. తల చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలుస్తారు. మెదడు, వెన్నెముక, పెదవి, గుండెలోని నాలుగు గదులు, కడుపు గోడ, మూత్రపిండాలు, కాళ్ళూ చేతులూ చూస్తారు. వెన్నెముక మూసుకోకపోతే, ఆ చిన్న లోపం నేరుగా కనబడకపోయినా తల నిమ్మకాయ ఆకారంలోకి, చిన్నమెదడు అరటిపండులా వంపు తిరిగి కనబడతాయని 1986లో లండన్ వైద్యులు గుర్తించారు. గుండె మీద అనుమానం వస్తే ఫీటల్ ఎకో అనే మరో పరీక్ష చేస్తారు. డాప్లర్‌తో రక్తం పారే తీరు చూస్తారు.

ఇదంతా బిడ్డ కోసమే కాదు. మాయ గర్భాశయ ముఖద్వారానికి అడ్డంగా ఉందా, ముఖద్వారం కుంచించుకుపోయి నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం ఉందా అనేది కూడా అప్పుడే తెలుస్తుంది. ఇవి తల్లి ప్రాణానికి సంబంధించిన సంగతులు. ఇక బిడ్డ విషయానికొస్తే, పుట్టగానే ఆపరేషన్ కావలసిన గుండె జబ్బు ముందే తెలిస్తే, ఆ సౌకర్యమున్న ఆస్పత్రిలోనే కాన్పుకి ఏర్పాటు చేసుకోవచ్చు. అంటే టిఫా అనగానే గర్భం తీయించుకోవడమే అనుకోవడం కూడా తప్పే.

అలాగని యంత్రం చెప్పిందల్లా వేదవాక్కూ కాదు. 1993లో అమెరికాలో 15,151 మంది గర్భిణుల మీద జరిగిన పెద్ద పరిశీలన ఒకటి వెలువడింది. 24 వారాల లోపు స్కానింగులో లోపాలను పట్టుకోవడం అనుభవమున్న పెద్ద కేంద్రాల్లో 35 శాతం ఉంటే, మిగతా చోట్ల 13 శాతమే ఉంది. ఆ తర్వాత యంత్రాలు ఎంతో మెరుగుపడ్డాయి, ఇప్పుడు చాలా ఎక్కువ కనబడుతుంది. కాని ఆ పరిశీలన చెప్పిన అసలు సంగతి మారలేదు. చూసే కన్ను, చేయి తిరిగిన అనుభవం, తీరిగ్గా చూసే సమయం లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఒకటే. మరోవైపు, గుండెలో చిన్న తెల్ల చుక్క, మెదడులో చిన్న నీటిబుడగ వంటివి కనబడతాయి. మరే లోపమూ లేనప్పుడు ఇవి చాలామంది బిడ్డలకు ఏ హానీ చెయ్యవు. ఆ మాట వివరించకుండా రిపోర్టులో రాసి చేతిలో పెడితే, ఆ తల్లి మిగిలిన నాలుగు నెలలూ నిద్రపోదు.

వ్యాపారం సంగతి చెప్పనే అక్కర్లేదు. త్రీడీ, ఫోర్‌డీ అని పేర్లు పెట్టి బిడ్డ ముఖం ఫొటోలు అమ్ముతున్నారు. పెదవి, ముఖం, వెన్నెముక పరిశీలనలో త్రీడీకి ఉపయోగం ఉంది, కాదనను. కాని టిఫాలో ప్రధానమైన వెతుకులాటంతా మామూలు టూడీ బొమ్మ మీదే జరుగుతుంది. ఫొటో అందంగా వచ్చిందంటే బిడ్డ ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. 1987లోనే అమెరికన్ స్త్రీవాద రచయిత్రి రోసలిండ్ పెచెస్కీ ఈ బొమ్మల రాజకీయం గురించి రాసింది. తెర మీద పిండం ఒంటరిగా, శూన్యంలో తేలుతున్నట్టు కనబడుతుంది. దాన్ని మోస్తున్న స్త్రీ బొమ్మలోనే ఉండదు.

మన స్కానింగు గదుల్లో ఇది అక్షరాలా జరుగుతోంది. స్త్రీ బల్ల మీద పడుకుని ఉంటుంది, తెర డాక్టరు వైపు తిరిగి ఉంటుంది. కొలతలు పక్కనున్న అమ్మాయికి ఇంగ్లీషులో చెబుతారు. "అయిపోయిందమ్మా, లే" అంటారు. చెప్పాల్సిన సంగతి ఏదైనా ఉంటే "నీతో ఎవరొచ్చారు?" అని అడుగుతారు. గోడ మీద మాత్రం "ఇక్కడ లింగనిర్ధారణ పరీక్ష చేయబడదు, అది చట్టరీత్యా నేరం" అనే బోర్డు తెలుగులో ఉంటుంది. ఎందుకంటే ఆ బోర్డు ఇంగ్లీషుతోపాటు స్థానిక భాషలోనూ ఉండాలని చట్టం కింద నిబంధన పెట్టారు. ఆమె కడుపులో ఏముందో చెప్పే రిపోర్టు తెలుగులో ఉండాలన్న నిబంధన మాత్రం లేదు. అంటే ఆమెకు చేయకూడనిది ఏమిటో ఆమె భాషలోనూ, ఆమెకు తెలియాల్సింది ఆమెకు రాని భాషలోనూ రాస్తున్నామన్నమాట.

రెండేళ్ళ కిందట నాతో ఒక పట్టణానికి స్కానింగుకి వచ్చిన ఒక వ్యవసాయ కూలీ ఉదాహరణ చెబుతాను. అప్పటికి ఆమెకు 21 వారాలు. డాక్టరు ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు, బయట ఆమె బావగారితో మాట్లాడాడు. బస్సెక్కే లోపల ఆమెకు తెలిసిందల్లా "అక్కా, బిడ్డకి కాళ్ళు లేవంట" అన్నదే. ఇంటికి చేరేసరికి అత్తగారింట్లో నిర్ణయం అయిపోయింది, ఎక్కడికి తీసుకెళ్ళి తీయించాలో కూడా మాట్లాడేశారు. మర్నాడు మేమిద్దరం ఆ రిపోర్టు పట్టుకుని మరో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మళ్ళీ పరీక్ష చేసి, ఆమెను కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. బిడ్డకు కాళ్ళున్నాయి. పాదాలు రెండూ లోపలికి తిరిగి ఉన్నాయి. వేరే లోపమేదీ కనబడలేదు. వంకర పాదాలకు పుట్టిన కొద్ది రోజులనుంచే వారానికొకసారి మార్చి మార్చి పిండికట్లు వేస్తారు, చాలామందికి మడమ నరం దగ్గర చిన్న ఆపరేషన్ చేస్తారు, తర్వాత నాలుగేళ్ళ వయసు దాకా రాత్రిపూట ప్రత్యేకమైన బూట్లు తొడగాలి. ఆమె అంతా విని రెండే ప్రశ్నలు వేసింది. నడుస్తుందా? ఖర్చెంత? ఆ రెండిటికీ జవాబు దొరికాక కాన్పు దాకా మోస్తానని ఇంట్లో తనే చెప్పింది. ఆమెకు ధైర్యం మేం నేర్పలేదు. ఆమెకు కావలసింది సమాచారం, అంతే.

చట్టంలో దీనికి ఆధారం లేకపోలేదు. గర్భస్థ పరీక్షల చట్టం 5వ సెక్షన్ ఏమంటుంది? పరీక్ష వల్ల వచ్చే దుష్ఫలితాలను గర్భిణికే వివరించాలి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకమైన అంగీకారం తీసుకోవాలి, దాని కాపీ ఆమెకివ్వాలి. 24వ సెక్షన్ ఇంకా ముఖ్యమైనది. స్త్రీ లింగనిర్ధారణ చేయించుకుంటే, భర్తో బంధువులో ఒత్తిడి చేసి చేయించారనే కోర్టు ముందుగా భావించాలని అందులో ఉంది. అంటే స్కానింగు గదిలో స్త్రీ ఒంటరిగా లేదని, ఆమె వెనక కుటుంబం నిలబడి ఉందని చట్టానికి తెలుసు. అవయవ లోపం బయటపడ్డ రోజున కూడా ఆ కుటుంబం అక్కడే ఉంటుంది కదా! ఆ సంగతి ఆ రోజున ఎందుకు గుర్తుండదు?

పైగా ఆ రోజున నింద కూడా ఆమె మీదే పడుతుంది. మన భాషలోనే ఆ నింద ఉంది. పెదవి చీలి పుట్టిన బిడ్డకు 'గ్రహణం మొర్రి' అంటాం. ఆ పేరులోనే తల్లి గ్రహణం వేళ బయటికొచ్చిందనో, కూరగాయలు కోసిందనో నేరారోపణ ఉంది. గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఆపరేషన్‌తో దాన్ని సరిచేయవచ్చు. మరోపక్క మేనరికాల వల్ల కొన్ని లోపాల ముప్పు పెరుగుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. ఆ మేనరికం కుదిర్చింది రెండిళ్ళ పెద్దలు, ఆస్తి బయటికి పోకూడదని. కాని "దీని కడుపున ఇలాంటిది పడింది" అనిపించుకునేది మాత్రం కోడలు. వెన్నెముక లోపాలున్న బిడ్డను ఒకసారి కన్న స్త్రీలకు గర్భం రాకముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్ళీ అలా జరగడం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి పరిశీలనలో తేలింది. వెన్నెముక మూసుకునేది నెల తప్పిన సంగతి తెలిసీ తెలియని రోజుల్లోనే. ఆ చిన్న మాత్ర సమయానికి అందించని వ్యవస్థను ఎవరూ నిందించరు.

ఇక కాలం సంగతి. 1971 చట్టం ప్రకారం గర్భస్రావానికి 20 వారాలే గడువు. టిఫా చేసేదే ఆ సమయంలో! ఫలితం చేతికొచ్చేసరికి గడువు దాటిపోయేది. 2008లో ముంబైకి చెందిన నికేతా మెహతా, 24 వారాల గర్భంలో బిడ్డ గుండెకు తీవ్రమైన లోపం ఉందని తెలిసి బొంబాయి హైకోర్టు తలుపు తట్టింది. కోర్టు అనుమతించలేదు. ఆ తర్వాత ఎందరో స్త్రీలు అలా కోర్టుల చుట్టూ తిరగాల్సివచ్చింది. 2021 సెప్టెంబరు 24 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం, బిడ్డలో తీవ్రమైన లోపం ఉన్నప్పుడు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా గర్భస్రావం చేయించుకోవచ్చు. ఆ తర్వాతైతే మెడికల్ బోర్డు నిర్ధారించాలి. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో బోర్డు నిర్ణయం చెప్పాలి, అనుమతిస్తే అయిదు రోజుల్లో ప్రక్రియ జరగాలి. మేజరైన స్త్రీకి తన అంగీకారం ఒక్కటే చాలు, భర్త సంతకం చట్టం అడగలేదు. కుటుంబం అంగీకారం వంటి చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29 నాటి తీర్పులో చెప్పింది.

కాగితం మీద ఇది మంచి మార్పే. కాని వారాలు లెక్కపెట్టి చూడండి. మొదటి చెకప్‌కే అయిదో నెలలో వచ్చే కూలి స్త్రీ, 21వ వారంలో స్కాన్ చేయించుకుంటుంది. గుండె పరీక్షకు జిల్లా కేంద్రానికి పంపుతారు. అక్కడ తేదీ మరో వారానికి దొరుకుతుంది. ఉమ్మనీటి పరీక్ష కావాలంటే కణాలు పెంచి ఫలితం చెప్పడానికి రెండు మూడు వారాలు. ఈలోగా 24 దాటిపోతుంది. పుర్రె ఏర్పడని బిడ్డ పుట్టి బతకదని తెలిసి కూడా, కాగితాలు కదలక మరో నెల మొయ్యాల్సివచ్చే స్త్రీ బాధకు ఎవరు జవాబు చెబుతారు?

ఇక్కడ మనం వాడే మాటల గురించి కూడా ఆలోచించాలి. పోస్టర్ల మీద 'భ్రూణహత్య మహాపాపం' అని పెద్దక్షరాల్లో రాస్తున్నారు. అది చదివిన స్త్రీలు గర్భస్రావమే నేరమనుకుంటున్నారు. కొందరు ఆరోగ్య కార్యకర్తలు కూడా అలాగే అనుకుని చట్టబద్ధంగా వచ్చిన స్త్రీని తిప్పి పంపుతున్నారు. నేరం లింగ ఎంపిక. గర్భస్రావం స్త్రీకి చట్టమిచ్చిన అవకాశం. ఈ రెండిటినీ కలగలిపే ఏ నినాదమూ మన గోడల మీద ఉండకూడదు.

ఒక కఠినమైన ప్రశ్న మిగిలింది. వికలాంగుల హక్కుల ఉద్యమంలోని స్త్రీలు దీన్ని అడుగుతూనే ఉన్నారు. ఆడపిల్ల అని వద్దనుకోవడం తప్పయితే, వికలాంగురాలని వద్దనుకోవడం ఎలా ఒప్పవుతుంది? ఇది దాటవేయదగ్గ ప్రశ్న కాదు. ఏ జీవితం బతకదగ్గదో నిర్ణయించే అధికారం డాక్టరుకీ లేదు, ప్రభుత్వానికీ లేదు. స్కానింగు గదిలో "ఇలాంటి బిడ్డతో ఏం సుఖపడతావు?" అని ఎవరైనా అంటే, అది వైద్యం కాదు, వివక్ష. అయితే ఆ బిడ్డను పెంచే పనంతా, ఉద్యోగం మానుకోవడంతో సహా, ఒక్క స్త్రీ నెత్తిన వేసి, పాఠశాల దగ్గర ర్యాంపు కూడా కట్టని సమాజానికి, ఆమె నిర్ణయాన్ని తప్పుబట్టే అర్హత లేదు. ఆమెకు రెండు దారులూ నిజంగా తెరిచి ఉండాలి. అలాంటి లోపంతో పెరిగిన మనిషితోనో, ఆ తల్లితోనో మాట్లాడే అవకాశం కూడా కౌన్సెలింగులో భాగం కావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ చట్టం కింద ఏ సాయం దొరుకుతుందో స్కానింగు రోజునే ఆమెకు తెలియాలి.

డాక్టర్ల సంఘాలు మరో మాట అంటున్నాయి. రికార్డుల నిబంధనలు మరీ కఠినంగా ఉన్నాయని, ఫారం ఎఫ్‌లో గుమాస్తా పొరపాటుకి కూడా శిక్ష అన్యాయమని. 2019 మే 3న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. చట్టాన్ని సడలించాలనే డిమాండును నేనూ వ్యతిరేకిస్తాను. ఫారం ఎఫ్ నింపడానికి పట్టే పది నిమిషాలు స్త్రీకి వివరించడానికి అడ్డు కాదు. ఆ ఫారం మీద "బిడ్డ ఆడా మగా తెలుసుకోగోరను" అని ఆమె చేత సంతకమో వేలిముద్రో తీసుకుంటున్నారు. అదే చోట "నా రిపోర్టులో ఏముందో నాకు నా భాషలో చెప్పారు" అనే వాక్యం కూడా ఉండాలని మనం అడగాలి.

ప్రభుత్వం వైపు కొంత కదలిక ఉంది. ప్రతి గర్భిణికీ 24 వారాల లోపు ఒక అల్ట్రాసౌండ్ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫారసు చేసింది. 2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 44 ప్రభుత్వాస్పత్రుల్లో 56 టిఫా యంత్రాలను ప్రారంభించింది. ప్రైవేటులో వేల రూపాయలయ్యే పరీక్ష పేద స్త్రీకి ఉచితంగా అందడాన్ని మనం ఆహ్వానించాలి. ఆహ్వానిస్తూనే మన జిల్లా ఆస్పత్రికి వెళ్ళి అడగాలి. యంత్రం పని చేస్తోందా? చూసే నిపుణులున్నారా? ఒక్కో స్త్రీకి ఎంత సమయం ఇస్తున్నారు? 18 వారాలకే తేదీ దొరుకుతోందా, 23 వారాలకా? తేడా కనబడితే ఎక్కడికి పంపుతున్నారు, బోర్డు ఎక్కడ కూర్చుంటుంది?

ఇది మన సంఘాలు రేపటినుంచే చెయ్యగల పని. ఆశా, ఏఎన్‌ఎం కార్యకర్తలతో కూర్చుని గ్రామంలో ప్రతి గర్భిణికీ 18వ వారం ఎప్పుడొస్తుందో క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. స్కానింగుకి ఆమెతో వెళ్ళండి. ఆమె తరఫున మీరు మాట్లాడకండి, ఆమె అడగాల్సిన ప్రశ్నలు ముందురోజే ఆమెతో కలిసి తయారు చెయ్యండి. ఏం కనబడింది? అది ఖాయమా, అనుమానమా? వైద్యం ఉందా? ఎవరికి చూపించాలి? ఎన్ని రోజులు టైముంది? రిపోర్టు ఆమె చేతికే ఇమ్మని అడగండి. జిల్లా సలహా కమిటీల్లో స్త్రీ సంఘాల ప్రతినిధులుగా ఉన్నవారు, యంత్రాల తనిఖీతో ఆగకుండా ఈ ప్రశ్నలు కూడా మినిట్స్‌లోకి ఎక్కించండి.

లింగ ఎంపికకు వ్యతిరేకంగా మనం చేసిన పోరాటం, స్కానింగు యంత్రాన్ని స్త్రీ మీద ఆయుధంగా వాడొద్దని. ఆ యంత్రం ఆమెకు పనికొచ్చేలా చెయ్యడం దాని కొనసాగింపే. కడుపు ఆమెది, కాన్పు ఆమెది, తర్వాత పెంపకమూ ఆమె మీదే పడుతోంది. ఆ కడుపు గురించి రాసిన కాగితంలో ఏముందో ఊరందరికంటే ముందు ఆమెకు తెలియాలి.